పంతులమ్మ సావిత్రిబాయి

(మహిళా ఉపాధ్యాయ దినం నాడు, కొత్తగా చదువు నేర్చిన అక్కల ముందు చేసిన ప్రసంగం)



పొద్దంతా పని చేసి వచ్చారు. కొందరు పొలం నుంచి వచ్చారు. కొందరు కంపెనీ డ్యూటీ దిగి వచ్చారు. చంటిపిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు. పిల్లలు ఏడిస్తే ఏడవనీయండి. నేను కాసేపు ఆగి మళ్లీ చెప్తాను.

ఈ రోజు జనవరి 3. మన తెలంగాణలో 2025 నుంచి ఈ రోజును మహిళా ఉపాధ్యాయ దినంగా జరుపుతున్నారు. అంటే పంతులమ్మల పండుగ. ఈ తారీఖునే ఎందుకు పెట్టారు? ఈ తారీఖున ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమె పేరు సావిత్రిబాయి ఫూలే. ఆమె రాణి కాదు, మంత్రి కాదు. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ.

మీరు బస్సులో పోతుంటే ఒక బోర్డు చూసే ఉంటారు. 'మహాత్మా జ్యోతిబా ఫూలే గురుకుల పాఠశాల' అని రాసి ఉంటది. ఇప్పుడు మీరు కూడబలుక్కొని చదవగలరు. మీలో కొందరి పిల్లలు అక్కడ చదువుతుండవచ్చు. ఆ జ్యోతిబా ఫూలే గారి భార్యే సావిత్రిబాయి. అయితే ఫలానా ఆయన భార్య అని చెప్పి ఊరుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. మన ఆడవాళ్ల పని అట్లనే మరుగున పడిపోతది. కాబట్టి ఈ రోజు ఆమె సంగతే చెప్పుకుందాం.

ఆమెది ఏ ఊరు? మన మేడ్చల్ స్టేషన్ మీదుగా పోయే రైలు పట్టాలు నిజామాబాద్, నాందేడ్ దాటి మన్మాడ్ దాకా పోతాయి. మన్మాడ్ మహారాష్ట్రలో ఉంది. అక్కడ బండి మారి పూణే పోవచ్చు. పూణే దాటినాక సతారా జిల్లా వస్తది. ఆ జిల్లాలో నాయ్‌గావ్ అనే పల్లెటూరు ఉంది. 1831 జనవరి 3న సావిత్రిబాయి అక్కడ పుట్టింది. నాయిన పేరు ఖండోజీ నేవసే. ఆయన ఊరి పాటిల్. మన దగ్గర పటేల్ అన్నట్టు. వాళ్లది మాలీ కులం. ఇది మన దగ్గరి మాల కులం కాదు. మాలీ అంటే తోటలు, పూలు పెంచేవాళ్లు. ఫూలే అనే ఇంటిపేరు కూడా పూల నుంచే వచ్చింది.

అప్పట్లో ఆడపిల్లకు పెండ్లి ఎప్పుడు చేసేవాళ్లో మీకు చెప్పనక్కర లేదు. 1840లో సావిత్రిబాయికి పెండ్లి అయింది. ఆమెకు 9 ఏండ్లు. పెండ్లికొడుకు జ్యోతిరావుకు 13 ఏండ్లు. పెండ్లినాటికి ఆమెకు ఒక్క అక్షరం రాదు. బడి మొఖం చూడలేదు. ఆ ఊళ్లో ఆడపిల్లల బడి అనేదే లేదు.

ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. ఎందుకంటే ఇది మీ కథ లాంటిదే. మన దేశంలో పంతులమ్మ అని మనం దండం పెట్టుకునే మనిషి, పెండ్లి అయి అత్తగారింటికి వచ్చినాక చదువు నేర్చుకుంది. వంట చేసింది, నీళ్లు మోసింది, తోట పని చేసింది. ఆ పనుల నడుమనే చదువుకుంది.

జ్యోతిరావు చదువు కూడా సాఫీగా సాగలేదు. ఆయన తల్లి చిన్నప్పుడే పోయింది. సగుణాబాయి అనే బంధువు ఆయనను పెంచింది. ఆమె విధవ. జ్యోతిరావు కొన్నాళ్లు బడికి పోయినాక తండ్రి మానిపించి తోట పనిలో పెట్టాడు. అప్పుడు ఇరుగుపొరుగు పెద్దమనుషులు ఇద్దరు తండ్రికి నచ్చజెప్పారు. ఒకాయన గఫార్ బేగ్ మున్షీ. ఆయన ఫారసీ చెప్పే ముస్లిం పంతులు. ఇంకొకాయన లిజిట్ అనే క్రైస్తవ దొర. పిల్లవాడు తెలివైనవాడు, బడికి పంపు అన్నారు. తండ్రి విన్నాడు. చూడండి, పక్కింటాయన ఒక మాట చెప్పడం వల్ల ఒక పిల్లవాడి బతుకు మారింది. మీ వాడకట్టులో ఏ పిల్ల అయినా బడి మానేస్తే, ఆ ఇంటికి పోయి ఒక మాట చెప్పి రండి. ఊరికే పోదు.

చదువుకుంటున్న జ్యోతిరావు తాను నేర్చింది సావిత్రిబాయికి నేర్పాడు. సగుణాబాయికి కూడా నేర్పాడు. ఒకరు భార్య, ఒకరు పెంచిన తల్లి. ఇద్దరూ ఆయన దగ్గర అక్షరాలు దిద్దారు. తర్వాత సావిత్రిబాయి అహ్మద్‌నగర్‌లోనూ, పూణేలోనూ మిషన్ వాళ్ల దగ్గర పంతులమ్మ పని నేర్చుకుంది. చదవడం వేరు, చదువు చెప్పడం వేరు. అన్నం తినడం వేరు, వండడం వేరు అన్నట్టు. పిల్లను ఎట్ల కూర్చోబెట్టాలి, ఎట్ల పలికించాలి, భయపడే పిల్లకు ఎట్ల ధైర్యం చెప్పాలి, ఇవన్నీ నేర్వవలసిన విద్యలే.

1848లో పూణే నగరంలో భిడే వాడా అనే ఇంట్లో ఆడపిల్లల బడి మొదలైంది. అప్పటికి సావిత్రిబాయికి 17 ఏండ్లు. మన ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల వయసు. ఆ వయసుకు ఆమె పంతులమ్మ అయింది. తెల్లదొరల మిషన్ వాళ్లు అంతకుముందే కొన్ని చోట్ల ఆడపిల్లల బడులు పెట్టారు. కానీ మన దేశపు మనుషులే తమ చేతుల మీదుగా, అన్ని కులాల ఆడపిల్లలను కలిపి కూర్చోబెట్టి నడిపిన మొదటి బడులలో ఇది ఒకటి. పంతులుగా నిలబడింది ఆడమనిషి, అదీ బ్రాహ్మణ కులం కాని మనిషి. ఊరికి ఇదే మింగుడు పడలేదు.

ఆ రోజుల్లో ఏమనుకునేవాళ్లో తెలుసా? ఆడది చదివితే మొగుడు చస్తాడు అనేవాళ్లు. అన్నంలో పురుగులు పడతాయి అనేవాళ్లు. చదువుకున్న ఆడది పరాయి మగవాళ్లకు ఉత్తరాలు రాస్తది అనేవాళ్లు. నవ్వకండి. ఈ ఆఖరి మాట ఇప్పటికీ వినబడుతుంది. ఉత్తరం స్థానంలో ఫోన్ వచ్చింది, అంతే.

సావిత్రిబాయి ఇంటి నుంచి బడికి నడిచి పోయేది. దారిలో మగవాళ్లు నిలబడి తిట్టేవాళ్లు. పేడ విసిరేవాళ్లు. బురద చల్లేవాళ్లు. రాళ్లు వేసేవాళ్లు. ఆమె ఏం చేసింది? రెండు చీరలు పెట్టుకుంది. దారిలో కట్టుకోవడానికి ఒక ముతక చీర. బడిలో కట్టుకోవడానికి శుభ్రమైన చీర ఇంకొకటి. బడికి పోయి పేడ పడిన చీర విడిచి, శుభ్రమైన చీర కట్టుకొని పాఠం చెప్పేది. సాయంత్రం మళ్లీ ఆ ముతక చీర కట్టుకొని అదే దారిన ఇంటికి వచ్చేది. ఇది వాళ్ల దగ్గర పని చేసిన ఒకాయన చెప్పగా రాసిపెట్టిన సంగతి.

ఈ రెండో చీర గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. పేడ పడుతుందని ఆమెకు ముందే తెలుసు. నిన్న పడింది, ఈ రోజూ పడుతుంది. తెలిసి కూడా బయలుదేరింది. ఆ చీర ఉతకడం కూడా ఆమె పనే కదా. పొద్దున బడి, రాత్రికి పేడ చీర ఉతుకుడు. పుస్తకాలలో ఆమె ధైర్యం గురించి రాస్తారు. ఆ ఉతుకుడు గురించి ఎవరూ రాయరు. మనకు మాత్రం తెలుస్తది.

బయట ఒక తంటా అయితే, ఇంట్లో ఇంకొక తంటా. 1849లో మామ గోవిందరావు కొడుకును, కోడలిని ఇంటి నుంచి పొమ్మన్నాడు. బడి మానండి, లేదంటే ఇల్లు విడవండి అన్నాడు. ఆయనను ఒక్క మాటతో చెడ్డవాడని తీసిపారేయలేం. కులపోళ్ల ఒత్తిడి ఆయన మీద ఉంది. వెలి వేస్తే పెండ్లికి ఎవరూ రారు, చావుకు ఎవరూ రారు. పూల వ్యాపారం నడవదు. ఆయన భయపడ్డాడు. కొడుకు, కోడలు భయపడలేదు. కట్టుబట్టలతో బయటికి నడిచారు.

వాళ్లకు తలదాచుకోను చోటు ఇచ్చింది ఎవరు? ఉస్మాన్ షేక్ అనే ముస్లిం స్నేహితుడు. ఆయన ఇంట్లో ఫాతిమా షేక్ అనే యువతి ఉంది. ఆమె సావిత్రిబాయికి తోడుగా బడి పనిలో నిలిచింది. సావిత్రిబాయి 1856లో పుట్టింటి నుంచి భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమా పేరు ఉంది. అప్పుడు సావిత్రిబాయికి జబ్బు చేసి పుట్టింట్లో ఉంది. తాను లేకపోతే బడి భారం అంతా ఫాతిమా మీద పడుతున్నదని, అయినా ఆమె విసుక్కోదని ఆ ఉత్తరంలో రాసింది. ఒంట్లో బాగాలేని మనిషికి బడి గురించే దిగులు. మన దగ్గర కూడా అట్లాంటి టీచరమ్మలు ఉన్నారు. జ్వరంతో పడుకొని కూడా పిల్లల పరీక్షల గురించి అడుగుతారు.

అదే ఉత్తరంలో ఇంకొక ముచ్చట ఉంది. పుట్టింట్లో అన్న ఆమెను ఆడిపోసుకున్నాడు. మహర్లకు, మాంగులకు చదువు చెప్తున్నారు, కులం చెడగొట్టారు అన్నాడు. మన దగ్గర మాల మాదిగలను ఊరి బయట పెట్టినట్టే, అక్కడ మహర్లను, మాంగులను ఊరి బయట పెట్టారు. సావిత్రిబాయి అన్న మీద కేకలు వేయలేదు. నిదానంగా అడిగింది. మేకను, ఆవును ముట్టుకుంటావు, పాముకు పాలు పోస్తావు, తోటి మనిషి దగ్గరికి వస్తే మాత్రం మైల అంటావా అని అర్థం వచ్చేటట్టు అడిగింది. అన్నకు జవాబు దొరకలేదు. తల్లి పక్కన కూర్చొని అంతా విన్నది. బిడ్డ మాట ఆమెకు నచ్చింది.

బడి సంగతికి వద్దాం. ఒక్క బడితో ఆగలేదు. 1851 చివరికి పూణేలో వాళ్లు నడిపే ఆడపిల్లల బడులు మూడు అయ్యాయి. అన్నింట్లో కలిపి సుమారు 150 మంది ఆడపిల్లలు చదివారు. 1852లో ప్రభుత్వం వాళ్లను పిలిచి సన్మానం చేసింది. నిన్న పేడ విసిరిన ఊళ్లోనే ఈ రోజు శాలువా. ఊరు అట్లనే ఉంటది.

ఆ బడిలో చదివిన ఒక పిల్ల గురించి తప్పకుండా చెప్పాలి. ఆమె పేరు ముక్తాబాయి. మాంగ్ కులం పిల్ల. మూడేండ్లు బడికి పోయింది. 1855లో ఆమె రాసిన ఒక వ్యాసం 'జ్ఞానోదయ' అనే పత్రికలో అచ్చు పడింది. ఏం రాసింది? తన కులం వాళ్ల బాధలు రాసింది. పవిత్ర గ్రంథాలను చూసే హక్కు కూడా మాకు లేకపోతే మా మతం ఏది అని నిలదీసింది. తమ కులం ఆడవాళ్లు కాన్పు సమయంలో నెత్తి మీద కప్పు కూడా లేక వానకు, చలికి ఎట్ల అవస్థ పడతారో రాసింది. ఇవన్నీ రాసింది ఒక చిన్నపిల్ల. తల్లుల కాన్పులు కండ్లారా చూసిన పిల్ల కాబట్టి రాయగలిగింది. పెద్ద పెద్ద పండితుల పుస్తకాలలో ఈ ముచ్చట లేదు. ఒక పంతులమ్మ ఎంత బాగా చెప్పిందో తెలియాలంటే ఆమె సన్మానాలు లెక్క పెట్టవద్దు. ఆమె దగ్గర చదివిన పిల్ల నోరు తెరిచి ఏం అడిగిందో చూడాలి. నా మట్టుకు నాకు ముక్తాబాయి రాసిన ఆ నాలుగు మాటలే సావిత్రిబాయికి అసలు సన్మానం అనిపిస్తది.

1855లోనే ఆ దంపతులు రాత్రి బడి పెట్టారు. ఎవరి కోసం? పగలంతా పొలంలో, కూలిపనిలో ఉండే పెద్దవాళ్ల కోసం. ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ వచ్చేవాళ్లు. అంటే మీరు ఇప్పుడు కూర్చున్నటువంటి బడి. మన వయోజన విద్య మొన్న మొన్న వచ్చింది కాదు. దానికి 170 ఏండ్లు దాటాయి.

సావిత్రిబాయి పుస్తకాలు కూడా రాసింది. 1854లో ఆమె కవితల పుస్తకం 'కావ్య ఫూలే' అచ్చయింది. అప్పటికి ఆమెకు 23 ఏండ్లు. పెండ్లినాడు అక్షరం రాని పిల్ల, 14 ఏండ్లు గడిచేసరికి తన పేరు మీద పుస్తకం వేసింది.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. పూణేలో ఇట్లా ఉంటే మన దగ్గర ఎట్ల ఉండె? మేడ్చల్, శామీర్‌పేట అప్పుడు నిజాం రాజ్యంలో ఉండె. తర్వాత వచ్చిన సర్కారు బడులలో చదువు ఎక్కువగా ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు బడిలో మాట అర్థం కాదు. అసలు ఊళ్లో బడి ఉంటే కదా! హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం బడి తెరిచారు. తర్వాత అట్లాంటి బడులు ఇంకా పెట్టారు. మాడపాటి హనుమంతరావు గారి పూనికతో 1928లో నారాయణగూడలో తెలుగులో చెప్పే బాలికల బడి వచ్చింది.

మన జిల్లాలోనే ఘట్‌కేసర్ ఉంది కదా. సంగం లక్ష్మీబాయి గారు 1911లో అక్కడ పుట్టారు. చదువు కోసం ఆమె గుంటూరు దాకా పోవలసి వచ్చింది. అక్కడ శారదా నికేతన్‌లో చదివారు. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయారు. తర్వాత దిక్కులేని ఆడవాళ్లకు, పిల్లలకు ఇందిరా సేవాసదనం పెట్టారు. హైదరాబాదులో బస్సు కండక్టర్ 'ఐ.ఎస్. సదన్' అని పిలుస్తాడు చూడండి, అదే. మెదక్ నుంచి పార్లమెంటుకు కూడా గెలిచారు. ఘట్‌కేసర్ పిల్ల అక్షరాల కోసం గుంటూరు పోయింది! ఇప్పుడు మన పిల్ల పక్క ఊరి హైస్కూలుకు పోతానంటే దూరం అంటున్నాం.

ఇంకొకరు ఈశ్వరీబాయి గారు. 1918లో సికిందరాబాదు చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టారు. ఆమెకూ చిన్న వయసులోనే పెండ్లి అయింది. తర్వాత సికిందరాబాదులో పరోపకారిణి బాలికల బడిలో టీచరుగా పనిచేశారు. పిల్లలకు పాఠం చెప్పిన గొంతుతోనే తర్వాత అసెంబ్లీలో పేదవాళ్ల కోసం మాట్లాడారు. 1967లో ఎల్లారెడ్డి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. 1991లో చనిపోయారు. సావిత్రిబాయి గురించి చెప్పేటప్పుడు మన వాళ్లను కూడా తలుచుకోవాలి. లేదంటే మంచి పని ఎక్కడో దూరాన జరుగుతది, మన దగ్గర జరగదు అనిపిస్తది.

చదువు వస్తే ఏమైతది అని మీ ఇండ్లలో అడుగుతుంటారు. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు కూడా మీలాగే రాత్రి బడిలో కూర్చున్నారు. వాళ్ల పుస్తకంలో సారా మీద ఒక పాఠం ఉండె. ఆ పాఠం చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. రోశమ్మ వంటి ఆడవాళ్లు ముందు నిలబడి ఊళ్లో సారా అమ్మకుండా ఆపారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా బంద్ అయింది. ఒక్క పాఠం! తర్వాత చాలా జరిగింది, ఇప్పుడు ఊరూరా బెల్టు షాపులున్నాయి, అది వేరే ముచ్చట. కానీ ఆ రోజు ఆ పాఠం చదివింది కూలి చేసే ఆడవాళ్లే.

లెక్కలు కూడా రెండు చెప్తాను. 1951లో మన దేశంలో నూరు మంది ఆడవాళ్లలో 9 మందికే చదువు వచ్చు. 1991లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 33 మందికి వచ్చు. 2011 జనాభా లెక్కలలో తెలంగాణలో నూటికి 58 మందికి వచ్చు. పెరిగింది. మిగిలిన 42 మందిలో ఎక్కువమంది ఎవరు? పొలంలో, ఇండ్లలో, బట్టీల దగ్గర పనిచేసే మనవాళ్లే.

మళ్లీ సావిత్రిబాయి దగ్గరికి వద్దాం. ఆమె పని బడి గోడల లోపల ఆగలేదు. ఆ రోజుల్లో చిన్నప్పుడే మొగుడు పోయిన పిల్లలు ఎందరో. వాళ్లకు మళ్లీ పెండ్లి లేదు. ఎవడో మోసం చేస్తే కడుపు వచ్చేది. మోసం చేసినవాడు తప్పించుకునేవాడు. ఆ పిల్ల బావిలో పడాలి, లేదా పుట్టిన బిడ్డ గొంతు నులమాలి. 1863లో సావిత్రిబాయి, జ్యోతిరావు తమ ఇంట్లోనే అట్లాంటి ఆడవాళ్లకు చోటు ఇచ్చారు. ఇక్కడికి వచ్చి కాన్పు అయి పొండి, మీ పేరు ఎవరికీ చెప్పం అన్నారు. అట్లా వచ్చిన ఒక బ్రాహ్మణ విధవ కన్న కొడుకును 1874లో పెంచుకున్నారు. పేరు యశ్వంత్. వాళ్లకు సొంత పిల్లలు లేరు. ఆ పిల్లవాడిని డాక్టరు చదివించారు.

1868లో తమ ఇంటి నీళ్ల తొట్టి అందరికీ తెరిచారు. అంటరానివాళ్లు అని దూరం పెట్టినవాళ్లు కూడా వచ్చి నీళ్లు ముంచుకున్నారు. అదే సంవత్సరం నాయ్‌గావ్‌లో ఒక సంగతి జరిగింది. ఒక బ్రాహ్మణ పిల్లవాడు, ఒక మహర్ పిల్ల ఇష్టపడ్డారు. పిల్లకు నెల తప్పింది. ఊరివాళ్లు ఇద్దరినీ కొట్టుకుంటూ తిప్పారు, చంపుతామన్నారు. సావిత్రిబాయి పరుగున పోయి అడ్డం నిలబడింది. చంపితే సర్కారు మిమ్మల్ని ఊరుకోదు అని హెచ్చరించింది. ఇద్దరినీ కాపాడి పూణేకు పంపింది. ఈ సంగతి ఆమే భర్తకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం రాసి 150 ఏండ్లు దాటింది. పరువు పేరుతో పిల్లలను చంపుతున్న వార్తలు మనం ఇప్పటికీ పేపర్లో చదువుతున్నాం.

1876, 1877లలో పెద్ద కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది ఇదే. అప్పుడు ఆమె ఊర్లు తిరిగి తిండి లేని వాళ్లకు అన్నం పెట్టే పనిలో ఉంది. అప్పటికే 1873లో వాళ్లు సత్యశోధక సమాజం స్థాపించారు. పంతులు లేకుండా, కట్నం లేకుండా పెండ్లిళ్లు చేసేవాళ్లు. ఈ సమాజానికి బొంబాయిలో ఉన్న మన తెలుగువాళ్లు కూడా అండగా నిలిచారు. పని కోసం పోయిన మేస్త్రీలు, కాంట్రాక్టర్లు. ఇది చాలామందికి తెలియదు.

1890 నవంబరు 28న జ్యోతిరావు చనిపోయాడు. శవం ముందు కుండ ఎవరు పట్టాలని గొడవ వచ్చింది. పెంచుకున్న కొడుకు పట్టరాదని బంధువులు అడ్డం వచ్చారు. అప్పుడు సావిత్రిబాయి ముందుకు వచ్చి కుండ పట్టుకుంది. శవం ముందు నడిచింది. చితికి నిప్పు పెట్టింది. ఆడవాళ్లు స్మశానం దాకా రాకూడదు అనే కాలం అది. కుండ పట్టి మూలకు కూర్చోలేదు. సత్యశోధక సమాజం పని ఆమే చూసుకుంది. 1893లో సాస్వడ్‌లో జరిగిన సభకు అధ్యక్షురాలు ఆమే.

ఇక ఆఖరి సంగతి. 1897లో పూణేలో ప్లేగు వచ్చింది. ఎలుకల మీద ఉండే చిన్న పురుగుల వల్ల మనుషులకు అంటే జబ్బు. చంకలో, గజ్జలో గడ్డలు లేస్తాయి, జ్వరం వస్తది. అప్పుడు మందు లేదు. మనకు 2020లో కరోనా వచ్చినప్పుడు ఎట్ల ఉన్నదో గుర్తుంది కదా. సొంత మనిషి శవం దగ్గరికి కూడా పోలేదు. ప్లేగు అంతకంటే ఘోరం. కరోనాకు ఏడాదిలో టీకా వచ్చింది. అందులో ఒకటి మన శామీర్‌పేట దాటినాక తుర్కపల్లి దగ్గరి కంపెనీలోనే తయారైంది. మన ఆడవాళ్లు కూడా ఆ కంపెనీల చుట్టు పనిచేస్తున్నారు. ప్లేగుకు హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1897లోనే బొంబాయిలో టీకా చేసి, ముందు తన ఒంటికే పొడుచుకున్నాడు. అది అప్పుడప్పుడే మొదలు. పేదల వాడల దాకా రావడానికి కాలం పట్టింది.

యశ్వంత్ అప్పటికి డాక్టరు. పూణే పక్కన ఊరి బయట పొలంలో ప్లేగు రోగుల కోసం దవాఖాన పెట్టారు. సావిత్రిబాయి రోగులను వెతికి అక్కడికి చేర్చేది. ముంఢ్వా అనే ఊళ్లో మహర్ వాడలో పాండురంగ్ అనే పిల్లవాడికి ప్లేగు తగిలిందని విన్నది. మోసుకు వచ్చేవాళ్లు ఎవరూ లేరు. 66 ఏండ్ల ముసలవ్వ ఆ పిల్లవాడిని తన వీపు మీద ఎత్తుకుంది. అట్లనే దవాఖాన దాకా నడిచి తెచ్చింది.

పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు తగిలింది. 1897 మార్చి 10న సావిత్రిబాయి కన్నుమూసింది.

వీపు మీద మోసింది చూడండి, అది కూడా పంతులమ్మ పనే అని ఆమె అనుకున్నట్టుంది. బడిలో ఎవరి పక్కన కూర్చోబెట్టాలా అని ఊరు గొడవ పడిన కులం పిల్లవాడే అతను.

1998లో ఆమె బొమ్మతో పోస్టల్ స్టాంపు వేశారు. 2014లో పూణే విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మొదటి బడి నడిచిన భిడే వాడా పాడుపడి కూలడానికి వచ్చింది. అక్కడ ఆమె పేరుతో స్మారకం కట్టడానికి 2023 డిసెంబరులో ఆ పాత ఇంటిని తీసేశారు.

సేపైంది. శామీర్‌పేట దిక్కు పోయేవాళ్లకు బస్సు టైము అవుతున్నది. ఒక్క పని చెప్పి ముగిస్తాను. ముక్తాబాయి తన వాడ ఆడవాళ్ల బాధ కాగితం మీద పెట్టింది కదా. వచ్చే వారానికి మీరు కూడా మీ వాడ సంగతి ఒకటి, మీకు వచ్చినంతలో, అయిదు వాక్యాలు రాసుకొని రండి. నీళ్ల సంగతి కావచ్చు, రేషన్ సంగతి కావచ్చు, బడి మానిన పిల్ల సంగతి కావచ్చు. ఒత్తులు తప్పు పోతే పోనీయండి, మనం కూర్చొని దిద్దుకుందాం. ముందు ఎవరు చదువుతారో ఇప్పుడే చేయి ఎత్తండి, పేరు రాసుకుంటాను.